మన్యం వార్త, మన వాక్యం

పత్రికా రచనను సాహిత్య విమర్శకులు సాధారణంగా తమ పరిధిలోనికి రానీయరు. వార్త ఒక దినం బ్రతికి మరునాడు పొట్లం కట్టే కాగితమైపోతుందని, దానికి విమర్శ అక్కరలేదని మన భావం. కాని కొండలలో, అడవులలో నివసించే జనుల విషయంలో ఈ భావం నిలువదు. వారిని గూర్చి మైదానవాసులమైన మనకు తెలిసినదంతా చాలవరకు వార్త ద్వారా తెలిసినదే. మన కథలు, నవలలు, చలనచిత్రాలు కూడ ఆ వార్తల పదజాలాన్నే అరువు తెచ్చుకొన్నవి. కనుక ఆ వార్త ఎటువంటి వాక్యంతో వ్రాయబడినదో, ఆ వాక్యంలో ఎవరి మాట నిలిచి ఎవరి మాట జారిపోయినదో పరిశీలించడం విమర్శకుని పనియేనని నా నమ్మకం.

నేను సూరత్ నగరంలోని ఆల్థాన్ పేటలో నివసిస్తున్నాను. ఇక్కడి మరమగ్గాలను నమ్ముకొని తెలంగాణ జిల్లాలనుండి వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు ఈ నగరంలో వేలకొలదిగా ఉన్నవి. నగరానికి తూర్పుగా పోతే మాండ్వీ, వ్యారా ప్రాంతాలలో చౌధరి, గామీత్, వసావా మొదలైన ఆదివాసి జనులున్నారు. వారిని దాటితే డాంగ్ అడవులు. ఉదయం పూట గుజరాతీ పత్రికలో ఆ అడవుల వార్తను, తెలుగు పత్రికలో మన మన్యపు వార్తను ప్రక్కప్రక్కన చదవడం నాకు చిరకాలంగా అలవాటు. భాషలు రెండైనా వాక్యం ఒక్కటే అనిపిస్తుంది. ఆ వాక్యాన్ని గూర్చియే ఈ వ్యాసం.

మొదట మన ఇంటి సంగతి చూతము. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు తన అనుచరులతో చింతపల్లి పోలీసు ఠాణాపై పడి తుపాకులు తీసుకొని వెళ్ళినాడు. తరువాతి రెండు దినాలలో కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల వంతు వచ్చినది. 1924 మే 7న ఆయన ప్రాణం పోయేవరకు గూడెం కొండలలో సాగినది యుద్ధమే. పోడు వ్యవసాయానికి అటవీశాఖ అడ్డుపడినది. నర్సీపట్నంనుండి లంబసింగికి వేసిన బాటపై చాలీచాలని కూలికి కొండవారిచేత పని చేయించినారు. ముఠాదారుల పూర్వపు హక్కులు ఊడిపోయినవి. ఇన్ని కారణాలున్న ఆ యుద్ధానికి ప్రభుత్వ దస్తావేజులు పెట్టిన పేరు 'పితూరీ'. తెలుగు వాడుకలో పితూరీ అంటే ఫిర్యాదు, పైవారి చెవిన వేసే చాడీ. బడిలో పిల్లలు ఒకరిమీద ఒకరు పంతులుగారికి చెప్పేదీ పితూరీయే. ఒక జనసమూహం ప్రాణాలొడ్డి చేసిన పోరాటానికి ఈ పేరే మన పుస్తకాలలో చాలకాలం నిలిచినది. పాలకుని కాగితంలోని మాట పాలితుని చరిత్రకు శీర్షిక అయినది.

ఇందుకు నాటి విలేకరులను నిందించి ప్రయోజనం లేదు. మన్యానికి బాటలు లేవు, చలిజ్వరాలు ఉన్నవి, అడుగడుగున పోలీసులున్నారు. చెన్నపట్నంలోనో, బెజవాడలోనో కూర్చున్న పత్రికలకు ప్రభుత్వ ప్రకటనలే ముఖ్యాధారం. ఆధారం ఎక్కడినుండి వస్తుందో మాట కూడ అక్కడినుండే వస్తుంది. పత్రికవారు సానుభూతితో వ్రాసినా, ద్వేషంతో వ్రాసినా, వాడిన నామవాచకం ఒకరిచ్చినదే. మన్యం వార్తలోని మొదటి ధర్మసంకటం ఇదే. విలేకరి తన అభిప్రాయాన్ని కాపలా కాస్తాడు గాని, అప్పటికే చేతికందిన పేరును కాపలా కాయడు.

రెండవది నాయకుని సంగతి. వార్తకు ఒక ముఖం కావలె. సీతారామరాజు మైదానంనుండి వెళ్ళినవాడు, చదువుకొన్నవాడు, మన భాషవాడు. ఆయన ఘనత నిస్సంశయమైనది. 2022లో పాడేరు కేంద్రంగా ఏర్పడిన జిల్లాకు ఆయన పేరు పెట్టడం ఎంతయు ఉచితం. కాని ఆయన వెంట నిలిచిన గాం గంటందొర, గాం మల్లుదొర సోదరుల మాట ఏమి? మల్లుదొర పట్టుబడి చెరలో మ్రగ్గి, స్వాతంత్ర్యానంతరం 1952 ఎన్నికలలో గెలిచి మొదటి లోక్‌సభలో సభ్యుడైనాడు. అనగా ఆ యుద్ధాన్ని లోపలినుండి చూచినవాడు ఒకడు మనమధ్య బ్రతికి, ఢిల్లీదాక వెళ్ళి కూర్చున్నాడు. రాజును గూర్చి మనం వ్రాసుకొన్న పుస్తకాల ప్రక్కన మల్లుదొర నోటిమాటగా మనకు దక్కిన పుటలను పెట్టి చూడుడు. మన కలం ఎవరివైపు నడిచినదో ఆ తూకమే చెప్పగలదు.

సరిగా అదే 1922 సంవత్సరం చివర ఈ సూరత్ జిల్లా తూర్పు భాగంలో మరొక అలజడి లేచినది. ఖాందేశ్ వైపునుండి డాంగ్ అడవుల మీదుగా సాలాబాయి అనే దేవి వచ్చినదని, పూనకం వచ్చినవారి నోట ఆమె ఆజ్ఞలు పలుకుతున్నదని గ్రామగ్రామాల ఆదివాసులు గుమికూడినారు. కల్లు, సారా మానవలె, మాంసం మానవలె, నిత్యం స్నానం చేయవలె, సారా అమ్మే పారసీ దుకాణదారుల వద్ద పనికి పోరాదు. ఇవి ఆ ఆజ్ఞలు. తరువాతి జాతీయోద్యమ రచనలు దీనిని గాంధీమహాత్ముని సందేశం వలన కలిగిన సంస్కారంగా వర్ణించినవి. డేవిడ్ హార్డిమన్ అనే చరిత్రకారుడు ఈ ప్రాంతపు వృద్ధుల జ్ఞాపకాలను విని, 1987లో ప్రకటించిన గ్రంథంలో కథను తిరిగి నిలబెట్టినాడు. ఉద్యమాన్ని మొదలుపెట్టినవారు ఆదివాసులే. వారి భూములు సారా అప్పుల క్రింద జారిపోతున్నవి గనుక ఆ సారాపైనే వారు తిరగబడినారు. గాంధీగారి పేరు తరువాత వచ్చి అందులో కలిసినది.

గూడెంలో యుద్ధానికి పితూరీ అని పేరు వచ్చినది. ఇక్కడ తిరుగుబాటుకు సంస్కారమని పేరు వచ్చినది. ఒకటి శత్రువు పెట్టినది, ఒకటి మిత్రుడు పెట్టినది. ఫలితం ఒక్కటే. చేసినవారు తమ పనికి తామే కర్తలు కాకుండ పోయినారు. ఈ ప్రాంతపు సవర్ణులు తమను 'ఉజలీపరజ్' అనగా తెల్లని జనమని చెప్పుకొని, ఆదివాసులను 'కాలీపరజ్' అనగా నల్లని జనమని పిలిచేవారు. గాంధేయులు ఆ అవమానాన్ని సహింపలేక 'రానీపరజ్' అనగా అడవిజనమని మార్చినారు. ఉద్దేశం గొప్పదే. కాని చౌధరికి చౌధరి అని, గామీత్‌కు గామీత్ అని, ధోడియాకు ధోడియా అని అప్పటికే పేర్లున్నవి. చెడ్డపేరుకు బదులు మంచిపేరు పెట్టిన వారిలో ఆ ఉన్న పేర్లను అడిగినవారు అరుదు.

మన తెలుగు పత్రికలలో ఇటువంటి మంచిపేర్లకు కొదవ లేదు. 'అమాయక గిరిజనులు' అన్న మాటను తీసుకొందము. ఎంతో దయగా వినబడే ఈ విశేషణం చేసే పని ఏమి? కొండవాడు తిరగబడితే ఎవరో రెచ్చగొట్టి ఉండవలెనని, ఊరకుంటే ఎవరో బెదిరించి ఉండవలెనని చెప్పడం. అతనికి స్వబుద్ధి ఉన్నదని మాత్రం ఆ విశేషణం ఒప్పుకొనదు. 'జనజీవన స్రవంతిలో కలిసినారు' అన్నది మరొకటి. అడవిలో ఉన్నది జనజీవనం కాదా? అక్కడ స్రవంతి లేదా? ఈ మాటలను వ్రాసేవారు దుర్మార్గులు కారు. అచ్చులో సిద్ధంగా ఉన్న మాట వేగంగా చేతికి వస్తుంది, అంతే.

వీటికంటె బరువైన మాటలు రెండున్నవి. మొదటిది 'ఎదురుకాల్పులు'. అడవిలో ఒకరు తుపాకి గుండుతో మరణించినారు. విలేకరి అక్కడ లేడు. విచారణ ఇంకా జరుగలేదు. అయినా సాయంత్రానికి శీర్షిక సిద్ధం: ఎదురుకాల్పులలో మృతి. అవతలివాడు కూడ కాల్చినాడన్నది ఆ మాటలోనే తీర్పుగా ఉన్నది. 'కాల్పులలో మరణించినారు, ఇవి ఎదురుకాల్పులని పోలీసులు చెప్పుచున్నారు' అని వ్రాస్తే పట్టేది రెండు పంక్తుల స్థలం. రెండవది 'ఇన్‌ఫార్మర్'. మావోయిస్టులు ఒక గ్రామస్థుని చంపి, శవం ప్రక్కన ఉత్తరం వదలి వెళ్ళుతారు. మరునాటి శీర్షిక: ఇన్‌ఫార్మర్ హత్య. చంపినవాడు ఏ నేరం మోపినాడో అదే మృతుని బిరుదమైనది. అతని భార్యాపిల్లలు ఆ ఊరిలో ఇక ఆ బిరుదంతోనే బ్రతకవలె. ఒకరు రాజ్యం పక్షం, మరొకరు రాజ్యాన్ని కూలద్రోయవలెనన్న పక్షం. వాక్యం దగ్గరకు వచ్చేసరికి ఇద్దరికీ పత్రిక ఒకే రకంగా లోబడుతున్నది.

ఇక లెక్కల సంగతి. ఆదిలాబాదు జిల్లాలో జోడేఘాట్ వద్ద 1940లో కుమురం భీము నిజాం పోలీసుల కాల్పులలో మరణించినాడు. అక్కడ ఏ విలేకరియు లేడు. మరణించిన తేదీని గూర్చి మన గ్రంథాలలో నేటికీ ఏకాభిప్రాయం లేదు. కాని గోండులకు ఆ సందేహం లేదు. వారు ఏటేట ఆశ్వయుజ పున్నమినాడు ఆయనను స్మరించుకొంటారు. మన పంచాంగంలో తేదీ పోయినది, వారి చంద్రునిలో నిలిచినది. వార్త లేనిచోట జ్ఞాపకం లేదనుకోవడం మన అహంకారమని ఈ ఒక్క నిదర్శనం చాలును.

అదే జిల్లాలో ఇంద్రవెల్లి వద్ద 1981 ఏప్రిల్ 20, సోమవారం, సంతరోజున గిరిజన రైతుకూలీ సంఘం తలపెట్టిన సభకు వచ్చిన గోండులపై పోలీసులు కాల్పులు జరిపినారు. ప్రభుత్వ లెక్క ప్రకారం మృతులు 13 మంది. పౌరహక్కుల వర్గాలు అరవైకి పైబడి అన్నవి. నాటినుండి ప్రతి ఏప్రిల్‌లోను పత్రికలు ఈ రెండు సంఖ్యలను ప్రక్కప్రక్కన అచ్చు వేస్తున్నవి. నిష్పక్షపాతమంటే ఇదేనని మనం అనుకొంటాము. కాని రెండు సంఖ్యలను చెప్పి ఊరకుండడం నిష్పాక్షికత కాదు, పని మధ్యలో ఆపడం. ఏ గూడెంనుండి ఎవరు సంతకు వెళ్ళి తిరిగి రాలేదని గూడెం గూడెం తిరిగి అడుగుట ఒక్కటే ఆ రెంటి మధ్య ఉన్న దూరాన్ని తగ్గించగలది. 1983లో వచ్చిన అల్లం రాజయ్య, సాహుల 'కొమురం భీం' నవల ఆ ప్రాంతాన తిరిగి, అక్కడి జనుల మాట విని వ్రాసినది. నవలాకారులు చేయగలిగిన ఆ తిరుగుడు వార్తకు ఎందుకు అసాధ్యం కావలె?

ఇక్కడ ఒక ఆక్షేపణ వచ్చును. పేరు పేరున వ్రాయవలెనంటే, వ్రాసిన పేర్లకు ఏమవుతుంది? ఇది న్యాయమైన ప్రశ్న. దీనికి తేలిక సమాధానం లేదు. 2007 ఆగస్టు 20న విశాఖ మన్యంలోని వాకపల్లిలో గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేసినారని 11 మంది కోందు స్త్రీలు ఆరోపించినారు. బాధితురాలి పేరు ప్రకటింపరాదని చట్టం. పత్రికలు పేర్లు వ్రాయలేదు, ఊరిపేరు వ్రాసినవి. కొద్ది ఇళ్ళున్న కొండపల్లెలో ఊరిపేరు చెప్పడమంటే ఇంటిపేరు చెప్పడమే. పట్టణానికి సరిపోయే చట్టం పల్లెకు చాలలేదు. అయినను ఆ ఊరిపేరు అచ్చు కాకుంటే ఆ కేసు న్యాయస్థానం మెట్లు ఎక్కేదా? ఎక్కిన తరువాత మాత్రం ఏమైనది? 2023 ఏప్రిల్‌లో ప్రత్యేక న్యాయస్థానం దర్యాప్తులోని లోపాలను ఎత్తిచూపి, నిందితులైన 13 మంది పోలీసులను విడిచిపెట్టి, ఆ స్త్రీలకు పరిహారం ఇవ్వవలెనని చెప్పినది. పదునారేండ్ల కాలం ఆ స్త్రీలు తమ ఊరిపేరును మోసినారు. దాచితే న్యాయం అందదు, చెప్పితే బ్రతుకు బరువవుతుంది. ఈ తక్కెడను పట్టుకొనే హక్కు విలేకరికి ఎవరిచ్చినారు? చెప్పవలెనా, దాచవలెనా అని నిర్ణయింపవలసినది ఆ స్త్రీలు. అచ్చయితే ఏమేమి జరుగవచ్చునో వారికి తెలిసేభాషలో ముందుగా చెప్పి, వారి నిర్ణయాన్ని అడగడమే విలేకరి వంతు.

వ్రాసేవాడు కూడ అక్కడివాడే అయినప్పుడు సంకటం ఇంకా దారుణం. బస్తరులో 2005లో సల్వాజుడుం మొదలైనది. ఆ హింసకు తాళలేక వేలమంది భద్రాచలం ప్రాంతపు అడవులకు తరలివచ్చినారు. ఆదివాసి యువకులకు ప్రత్యేక పోలీసులని పేరు పెట్టి ఆయుధాలిచ్చి పోరాటానికి దింపడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జులై 5న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఆ బీజాపూరు జిల్లాలోనే బాసగూడకు చెందిన సాయిరెడ్డి అనే విలేకరిని 2008లో ప్రభుత్వం మావోయిస్టుల సహాయకుడని చెరలో పెట్టినది. 2013 డిసెంబరులో మావోయిస్టులు ఆయనను చంపినారు. ఒకే మనిషి ఒకరికి అవతలివాడు, మరొకరికి ఇవతలివాడు అయినాడు. 2025 జనవరిలో అదే జిల్లా విలేకరి ముకేశ్ చంద్రాకర్, రోడ్డు పనులలోని అక్రమాలను బయటపెట్టిన వార్త తరువాత, ఒక గుత్తేదారు ఆవరణలోని మురుగుతొట్టిలో శవమై కనబడినాడు. 2021లో మావోయిస్టులకు బందీగా చిక్కిన జవానును విడిపించి తెచ్చినవారిలో ఆయన ఒకడు. నగరంనుండి వెళ్ళిన రచయిత వారంలో తిరిగి వస్తాడు, అతని పుస్తకానికి సభ జరుగుతుంది. దారి చూపినవాడు, దుబాసీగా నిలిచినవాడు, మాట చెప్పినవాడు అక్కడే ఉంటారు. మన నీతివిచారమంతా వచ్చిపోయేవాని మనస్సాక్షి చుట్టు తిరుగుతుంది. అక్కడ మిగిలేవాని మెడ దాని లెక్కలోనికి రాదు.

ఈ మాటలు వ్రాసే అర్హత నాకు పూర్తిగా ఉన్నదని చెప్పుకొనలేను. కొన్ని సంవత్సరాల క్రిందట ఒక ఆదివాసి స్త్రీ వాంగ్మూలాన్ని తెలుగు చేయవలెనని ఒక పత్రికవారు నన్ను కోరినారు. ఆమె గోండీలో చెప్పినది, దుబాసి హిందీలో పెట్టినాడు, ఆ హిందీ నా చేతికి వచ్చినది. కాల్పులను గూర్చి ఆమె ప్రతి వాక్యం చివర 'అని విన్నాము' అన్న అర్థం ఉన్నది. నేను మొదట 'కాల్చినారట', 'తీసుకొని వెళ్ళినారట' అనియే వ్రాసితిని. ఇన్ని 'అట'లుంటే వాక్యం బలహీనంగా ఉన్నదని సంపాదకుడు అన్నాడు. నాకును అట్లే తోచినది. 'ట' తీసివేసితిని. వాక్యం బిగువెక్కినది, చదివినవారు మెచ్చుకొన్నారు. ఆ వాంగ్మూలాన్ని సేకరించి తెచ్చిన యువకుడు మాత్రం నన్ను ఒక్క ప్రశ్న అడిగినాడు: "ఆమె విన్నానన్నది అయ్యా, మీరు చూచినట్లు చేసినారు. రేపు సాక్షి ఎవరని ఎవరైనా వెదకితే ఎవరి గుడిసెకు వెళ్ళుతారు?"

నా వద్ద సమాధానం లేదు. పత్రిక అప్పటికే పంచబడినది. ఆ ఒక్క అక్షరం తెలుగుభాష మనకిచ్చిన గొప్ప న్యాయసాధనం. చూచినదానికి, విన్నదానికి మధ్య గీత గీయడానికి ఇంగ్లీషులో ఒక వాక్యమంత కావలె, మనకు ఒక్క 'ట' చాలును. పల్లెటూరి ముసలమ్మ సైతం దానిని తప్పక వాడుతుంది. మనం దానిని అచ్చుకు పనికిరానిదని తోసివేసితిమి. ఆమె జాగ్రత్తగా చెప్పినది, నేను అందంగా వ్రాసితిని. ఆ అందం ఖర్చు ఆమె ఖాతాలో పడినది.

ఈ సందర్భంలో నాకు గిడుగు రామమూర్తి పంతులుగారు జ్ఞాపకం వస్తారు. వాడుకభాషలో వ్రాయవలెనని పోరాడినవారని ఆయనను ప్రతి పత్రికయు ఏటేట ఆగస్టు 29న కొనియాడుతుంది. నేటి పత్రికలు వాడే భాష ఆయన ఉద్యమఫలం గనుక అది న్యాయమే. కాని పర్లాకిమిడిలో పంతులుగా ఉండి, సవరలను గూర్చి ఏదైనా చేయదలచినప్పుడు ఆయన మొదట చేసిన పని సవరభాష నేర్చుకొనడం. ఇంట సవరవానిని ఉంచుకొని, వాని నోటినుండి మాట మాట విని వ్రాసికొన్నారు. సవరపిల్లలకు వారి భాషలో వాచకాలు వ్రాసినారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువడినవి. అందుకు పట్టిన కాలం దశాబ్దాలు. ఆయననుండి పత్రికలు మొదటి పాఠం నేర్చుకొన్నవి, రెండవది విడిచిపెట్టినవి. మన్యం వార్తలు వ్రాసే మనవారిలో కోయ, కువి, గోండి, సవర భాషలలో ఒక్కటైనా వచ్చినవారు ఎందరు? దుబాసి అటవీశాఖవాడైతే ఒక వార్త, వర్తకుడైతే ఒక వార్త, పార్టీవాడైతే మరొక వార్త వస్తుంది. విలేకరికి ఆ తేడా తెలిసే మార్గమే లేదు.

ప్రతి విలేకరియు గిడుగువారు కావలెనని నేననను. రేపటి పత్రికకు నేడు వ్రాయవలసినవానికి దశాబ్దాలు ఎక్కడివి? కాని ఆయన పనిలోనుండి ఒక కొలత తీసుకొనవచ్చును. ఆయన వ్రాసిన సవరవాచకానికి మొదటి పాఠకుడు సవరపిల్లవాడు. తప్పుంటే ఆ పిల్లవాడే నవ్వేవాడు. మన వార్తకు అటువంటి పాఠకుడు లేడు. మనం వ్రాసినది వారికి చదివి వినిపిస్తే 'ఇది నేనన్న మాటే' అని వారు అనగలరా? 'ఇది అచ్చయితే నాకు చేటు' అని వారంటే ఆ పంక్తిని కొట్టివేయడానికి మనం సిద్ధమా? వార్త అచ్చుకు పోయేముందు దుబాసి చేత దానిని తిరిగి వారి భాషలో చెప్పించి విను అలవాటు పెద్ద ఖర్చుతో కూడినది కాదు. గంటసేపు ఆలస్యమవుతుంది. కొన్ని వార్తలు ఒకరోజు వెనుకబడతవి. కొన్ని బిగువు కోల్పోతవి. నేను పోగొట్టిన 'ట'లు కొన్ని తిరిగి వస్తవి.

మన వ్యాకరణంలో ఒక చిత్రమున్నది. ఎదుట లేనివానిని, అనగా 'వాడు', 'వారు' అని మనం చెప్పుకొనే మనిషిని, మన పూర్వులు ప్రథమ పురుష అన్నారు. మన్యం వార్తలో కొండవారు ఎప్పుడును ఆ ఎదుట లేనివారే. పేరునకు వారు ప్రథములు, వరుసలో చివరివారు. వారిని కనీసం ఒక్కసారి, అచ్చుకు ముందు, 'మీరు' అని పిలిచి అడగడం మన పత్రికలకు మించిన పని కాదు. ఆ వాంగ్మూలం నా సొరుగులో ఇంకను ఉన్నది. 'ట'లు చేర్చి, సవరించిన ప్రతిని సిద్ధం చేసితిని. దానిని ఆమెకు చదివి వినిపించగల గోండీ వచ్చిన మనిషికోసం వెదకుచున్నాను.